కారు అలారము: అసత్య హెచ్చరికలు, వాని కారణాన్వేషణము

నిర్వచనము

దొంగతనమునకుగాని బలవంతపు ప్రవేశమునకుగాని ఎవ్వరును యత్నింపకపోయినను, తాళము వేసి నిలిపియుంచిన కారునందలి రక్షణ యంత్రము సైరను మ్రోగించి, దీపములను వెలిగించి ఆర్పుచుండుటను అసత్య హెచ్చరిక యందురు. కారు “తనంతట తానే అరచుచున్నది” అని లోకులు చెప్పుదురు గాని, యంత్రదృష్టితో చూచినచో ఆ మాట సరికాదు. ఏలయన నియంత్రణ పేటికకు ఏదో యొక ద్వారమున విద్యుత్సంకేతము చేరనిదే సాధారణముగా సైరను మ్రోగదు. ఆ సంకేతము ఏ ద్వారమున వచ్చెనో, దానిని పుట్టించిన భౌతిక కారణమేదో నిర్ణయించుటయే కారణాన్వేషణము.

అసత్య హెచ్చరికలలో మూడు తెఱగులు గలవు. పరికరము చెడుటచే కలుగునవి మొదటివి. పరికరము సరిగానే యుండి, పిల్లి దుముకుటను, ఉరుము గర్జించుటను దొంగ చేతిపనిగా గ్రహించుటచే కలుగునవి రెండవవి. వాడుకదారుని పొరపాటుచే కలుగునవి మూడవవి. ఈ మూటికిని వెలుపలికి కనిపించు లక్షణ మొక్కటియే యగుటచేత, ఏది ఏదియో తెలియకయే భాగములను మార్చుచు ధనము వ్యయపఱచుట తఱచుగా జరుగుచున్నది.

చరిత్ర

తొలినాటి కారు అలారములు తలుపు స్విచ్చికిని హారనుకును నడుమ ఒక రిలేను చేర్చిన సామాన్య యంత్రములు. అమెరికాలో షెవర్లే సంస్థ 1968 నమూనా కార్వెట్టు కారునకు అదనపు వెలతో అలారమును అమర్చియిచ్చెను; 1972 నమూనా నాటికి అది ఆ కారున సహజాంగ మయ్యెను. తరువాతి దశాబ్దములలో బయటి దుకాణములలో అమర్చు అలారములు అమెరికాలో విశేషముగా వ్యాపించినవి. ఈ రకపు అలారములలో కొన్ని, వైరు వైరును వెదకి కలుపు శ్రమ తప్పించుటకై, బ్యాటరీ వోల్టేజి హఠాత్తుగా తగ్గుటను బట్టియే తలుపు తెఱవబడినదని ఊహించెడివి. తలుపు తెఱవగా లోపలి దీపము వెలిగి, ఆ భారముచే వోల్టేజి స్వల్పముగా పడిపోవుటయే దీనికి ఆధారము. అయితే ఇంజను ఆపిన పిమ్మట రేడియేటరు ఫ్యాను తిరుగుట మొదలైనను, పాతకాలపు విద్యుత్ గడియారము తన స్ప్రింగును తాను చుట్టుకొన్నను వోల్టేజి అట్లే పడిపోవును. అసత్య హెచ్చరికలకు ఈ పద్ధతి గొప్ప ఆలవాల మయ్యెను.

1986లో బాష్ సంస్థ ప్రకటించిన క్యాన్ అను సమాచార సరణి వ్యాప్తిలోనికి వచ్చుటతో, తలుపులు, తాళములు, దీపములు, అలారము పరస్పరము వార్తలు పంపుకొనునట్టి వ్యవస్థ యేర్పడెను. అదే కాలమున ఇంజనును స్తంభింపజేయు ఇమ్మొబిలైజరులు ప్రచారమునకు వచ్చినవి. క్రొత్త కార్లకు ఇవి జర్మనీలో 1998 జనవరి నుండియు, బ్రిటనులో అదే సంవత్సరము అక్టోబరు నుండియు నిర్బంధ మయ్యెను. (చూడుడు: ఇమ్మొబిలైజరు.)

యంత్రాంగము

అలారమునకు హృదయము నియంత్రణ పేటిక. దీనికి అనేక ద్వారములు గలవు: తలుపుల స్విచ్చులు, బానెట్టు స్విచ్చి, డిక్కీ స్విచ్చి, కుదుపు సెన్సారు, లోపలి చలనమును కనిపెట్టు సెన్సారు, ఇగ్నిషను తీగ. రిమోటుతో తాళము వేసిన పిమ్మట కొన్ని క్షణములు గడచినంత, పేటిక జాగరూక స్థితిలోనికి ప్రవేశించి, ఆ ద్వారముల నన్నింటిని నిరంతరము పరిశీలించుచుండును. ఏ యొక్క ద్వారమున స్థితి మాఱినను హెచ్చరిక మొదలగును. తాళము వేయునప్పటికే ఒక స్విచ్చి “తెఱచియున్నది” అని తెలుపుచుండినచో, చాలా అలారములు ఆ ద్వారమును లెక్క నుండి తొలగించి, మిగిలినవానిని మాత్రమే కాపుకాయును.

ఈ చివరి విషయము కారణాన్వేషణమునకు అత్యంత ముఖ్యము. పూర్తిగా చెడిపోయిన స్విచ్చి అట్టి అలారమును మ్రోగింపదు. పేటిక దానిని ముందే విడిచిపెట్టును. ఒకప్పుడు బాగుగాను, ఒకప్పుడు చెడుగాను ప్రవర్తించు స్విచ్చియే, తాళము వేయునప్పుడు సరిగా నుండి నడిరాత్రి స్థితి మార్చుకొని, వీధి నంతటిని మేలుకొల్పును. పగటివేళ మరమ్మతు శాలలో పరీక్షించినప్పుడు లోపము కనబడకపోవుటకును, “అన్నియు బాగుగనే యున్నవి” అను సమాధానముతో యజమాని వెనుదిరుగుటకును కారణ మిదియే.

సైరనులలో కొన్నింటికి తమదైన చిన్న బ్యాటరీ యుండును. దొంగ కారు బ్యాటరీ తీగ నూడబెఱికినను సైరను మ్రోగుటయే దాని యుద్దేశము. సంవత్సరములు గడచిన కొలది ఈ లోపలి బ్యాటరీ నీరసించి, ద్రవము కారి పలకను తినివేయును. అప్పుడు సైరను ఏ సెన్సారుతోను నిమిత్తము లేకయే అరచుటగాని, కారు కంప్యూటరునకు తప్పుడు వార్తలు పంపుటగాని జరుగును.

సెన్సారుల భేదములు

కుదుపు సెన్సారులలో అధిక భాగము పీజో విద్యుత్ గుణముపై నాధారపడినవి. కొన్ని స్ఫటికములను ఒత్తినపుడు వానియందు విద్యుదావేశము పుట్టునని పియేర్ క్యూరీ, జాక్ క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి. అద్దముపై దెబ్బ తగిలినను, చక్రమును పెకలింప యత్నించినను, ఆ కంపనము స్ఫటికమును చేరి సంకేతమగును. చాలావానికి రెండంచెలుండును: స్వల్పమైన తాకుడునకు నాలుగైదు చిన్న కూతలు, బలమైన దెబ్బకు పూర్తి హెచ్చరిక. సున్నితత్వమును హెచ్చించుటకును తగ్గించుటకును ప్రక్కన ఒక చిన్న మర యుండును.

కారు లోపలి చలనమును కనిపెట్టునవి అతిధ్వని సెన్సారులు. ఇవి సాధారణముగా 40 కిలోహెర్ట్‌జుల పౌనఃపున్యముగల ధ్వనిని లోపల ప్రసరింపజేసి, దాని ప్రతిధ్వనిని వినుచుండును. మానవ శ్రవణమునకు పరమావధి సుమారు 20 కిలోహెర్ట్‌జులు గనుక ఈ ధ్వని మనకు వినబడదు. లోపల ఏ వస్తువైనను కదలినచో, 1842లో క్రిస్టియన్ డాప్లర్ ప్రతిపాదించిన సూత్రమును బట్టి, ప్రతిధ్వని పౌనఃపున్యము మాఱును. గాలి కదలికకు సైతము ఇది లోబడును గావున, అద్దము అంగుళమంత దించియుంచుట, అద్దమునకు వ్రేలాడదీసిన దండ ఊగుట, లోపల చిక్కుకొన్న ఈగ సెన్సారు ముందు తిరుగాడుట హెచ్చరికకు చాలును.

సూక్ష్మతరంగ సెన్సారులు గాజును, గుడ్డను దాటి పనిచేయును. అందుచేత గుడ్డ పైకప్పుగల కార్లకు ఇవి అనువైనవే యైనను, సున్నితత్వము మితిమీఱినచో కారు ప్రక్కగా నడచిపోవు బాటసారిని సైతము లోపల నున్నవానిగా భ్రమించును. వాలు సెన్సారులు కారును పైకెత్తుటను, ఈడ్చుకొనిపోవుటను కనిపెట్టును. ఓడపైనను, యాంత్రిక లిఫ్టుగల పార్కింగునందును వీనిని ఆపివేయుట అవసరము.

అసత్య హెచ్చరికల కారణములు

బానెట్టు స్విచ్చి. బయటి గాలికిని, వానకును, రోడ్డుమీది బురదకును, ఇంజను వేడిమికిని ఏకకాలమున లోనగు స్విచ్చి ఇదొక్కటియే. ఇది కారు ముందుభాగమున, బానెట్టు తాళపు కొక్కెము దరిని, లేదా ప్రక్క అంచున నుండును. సంవత్సరములు గడచిన కొలది దీని స్ప్రింగు నీరసించును. లోహపు పలకలపై మలినము పేరును. బానెట్టును ఆనియుండు రబ్బరు దిమ్మలు గట్టిపడి అణగిపోవుటచే బానెట్టు స్విచ్చిని నొక్కు లోతు మాఱును. మిల్లీమీటరు వ్యత్యాసమే చాలును. తేమ సోకినపుడు స్విచ్చి పూర్తిగా కలియక, పూర్తిగా విడివడక, నడుమ స్థితిలో నిలుచును. నియంత్రణ పేటికకు ఒక హద్దు వోల్టేజి మాత్రమే తెలియును గాని తేమ సంగతి తెలియదు గనుక, ఆ హద్దు దాటిన క్షణమున బానెట్టు తెఱవబడినదని అది నిశ్చయించును. కారు కడిగించిన నాటి రాత్రియో, తొలకరి జల్లు కురిసిన రాత్రియో మ్రోగిన అలారమునకు మొట్టమొదట శంకింపదగిన భాగ మిది. విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరప్రాంత నగరములలో ఉప్పుగాలి ఈ లోహపు పలకలను మఱింత త్వరగా తినివేయును.

బ్యాటరీ. నిండుగా ఛార్జియై విశ్రాంతి నున్న 12 వోల్టుల సీసపు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును, 12.0 వోల్టులకు దిగినది దాదాపు రిక్తమైనదని భావింపవలెను. బలహీనమైన బ్యాటరీ గల కారులో వోల్టేజి మెల్లగా దిగజారుచు, నియంత్రణ పేటిక నిలకడగా పనిచేయజాలని స్థాయికి చేరగా, అది మరల మరల ఆగి మొదలగుటయు, సెన్సారుల సంకేతములను తప్పుగా చదువుటయు జరుగును. తెలుగు నేల ఎండలు బ్యాటరీ ఆయువును తగ్గించును. రెంటచింతల, రామగుండము వంటి తావుల వేసవి దీనికి ప్రత్యేకించి ప్రతికూలము.

ఇచట ఒక చిక్కు గలదు. బ్యాటరీ వోల్టేజి రాత్రియంతయు తఱిగి తెల్లవారుజామునకు కనిష్ఠమగును. మంచు తేమయు అదే వేళకు బానెట్టుపై చేరును. కావున నాలుగు గంటలకు మ్రోగు అలారము ఈ రెంటిలో దేనివలననైనను కావచ్చును. వేళ ఒక్కటియే యైనను కారణములు రెండు. వానిని వేరుచేయగలది వోల్టుమీటరు మాత్రమే.

వైరింగు. వెలుపలి దుకాణములలో అమర్చిన అలారములలో తీగలను మెలివేసి టేపు చుట్టి వదలుట కలదు. వేసవిలో ఆ టేపు జిగురు కరగి వీడిపోవును, అతుకు లూజు కాంటాక్టగును. ఎర్తు తీగ బిగించిన మర తుప్పు పట్టినను ఫలితమిట్టిదే. ఎలుకలు తీగలను కొఱుకుట మన నగరములలో సర్వసామాన్యము. కదలక నిలిచియుండు కార్లలోను, వానకాలమున వెచ్చని ఇంజను నాశ్రయించుటవలనను ఇది అధికమగును. ముందు అద్దము క్రింది కాలువలలో ఆకులు చేరి నీరు లోనికి దిగుట, ఏసీ నీటి గొట్టము పూడుకొనిపోయి ఆ నీరు చాప క్రిందికి చేరుట, అచటనున్న కనెక్టరులను తడుపుట మఱియొక మార్గము.

పరిసరములు. దీపావళి టపాకాయలు, వినాయక నిమజ్జనపు డప్పులు, బోనాల ఊరేగింపులు, లోతైన ధ్వనిపెట్టెల కంపనము, రైల్వే లైను దరిని నిలుపుట, భారీ లారీల రాకపోకలు, వేపకొమ్మ గాలికి రాచుకొనుట, బానెట్టు వెచ్చదనమునకై పిల్లి ఎక్కి పరుండుట కుదుపు సెన్సారును మేలుకొల్పును. ఎండలో మూసియుంచిన కారు లోపలి ఉష్ణోగ్రత గంటలో వెలుపలికంటె 20 డిగ్రీలు పైగా పెరుగగలదు. అప్పుడు లోపల పుట్టు గాలి ప్రవాహము అతిధ్వని సెన్సారునకు చలనముగా గోచరించును. ఇట్టి హెచ్చరికలు ఏ భాగమును మార్చినను పోవు. సున్నితత్వమును తగ్గించుటగాని, చోటు మార్చుటగాని కావలెను.

వాడుకదారుని పొరపాట్లు. రిమోటుతో వేసిన తాళమును తాళపుచెవితో తీయుట, లోపల పిల్లలనో కుక్కనో ఉంచి తాళము వేయుట, జేబులో పానిక్ బటను నొక్కుకొనిపోవుట వీనిలో ముఖ్యములు. రిమోటు సంకేతము ఐరోపాలో 433.92 మెగాహెర్ట్‌జులపైనను, అమెరికా, జపానులందు 315 మెగాహెర్ట్‌జులపైనను నడచును. ఇతర రేడియో పరికరముల అడ్డంకిచే రిమోటు పనిచేయకపోవుట కలదు గాని, అడ్డంకివలననే అలారము మ్రోగుట అరుదు. ఈ నెపమును కడపటి దానినిగా ఉంచుకొనుట మేలు.

కారణాన్వేషణ విధానము

పరీక్షకు పూర్వము వ్రాత అవసరము. హెచ్చరిక కలిగిన ప్రతిసారియు వేళ, వాతావరణము, కారు నిలిపిన చోటు, అంతకుముందు కారు కడిగినదియు, నడిపినదియు లేనిదియు ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. వారము దినముల ఈ వ్రాతలో సగము జవాబు దొరకును: వానకును మంచునకును ముడిపడినచో స్విచ్చియో కనెక్టరో, రెండు మూడు దినములు నడుపనప్పుడే కలిగినచో బ్యాటరీ, ఒకే చోట మాత్రమే కలిగినచో పరిసరము, మిట్టమధ్యాహ్నము మాత్రమే యైనచో లోపలి చలన సెన్సారు.

పిదప కారు చెప్పు సాక్ష్యమును వినవలెను. చాలా అలారములు తాళము తీయునప్పుడు అదనపు కూతతోగాని, డాష్‌బోర్డు దీపము మిణుకుల సంఖ్యతోగాని ఏ ద్వారమున సంకేతము వచ్చెనో తెలుపును. ఆ సంఖ్యల అర్థము యజమాని పుస్తకమున నుండును. కంపెనీ అమర్చిన అలారమున ఆ సమాచారము కారు కంప్యూటరులో నిలువయుండును గనుక, స్కానరు తగిలించి చదువవచ్చును. ఇది తెలిసినచో మిగిలిన పరీక్షలలో అధిక భాగము అనవసరము. అయినను ఈ మెట్టును దాటవేసి, నేరుగా సైరనును మార్చువారే పెక్కురు.

తరువాత బ్యాటరీ. రాత్రియంతయు కదలింపని కారున, ఉదయము తలుపు తెఱవకముందే మల్టీమీటరు ముల్లులను బ్యాటరీకి ఆనించి చూచుట శ్రేష్ఠము. తెఱచిన తలుపు దీపములను వెలిగించి కొలతను మార్చును. బ్యాటరీని చేరుటకు బానెట్టు ముందురాత్రియే తెఱచియుంచవలసి వచ్చినచో, ఆ రాత్రి బానెట్టు స్విచ్చి పరీక్ష కాదని గుర్తుంచుకొనవలెను. తాళము వేసిన కారు నిద్రావస్థకు చేరిన పిమ్మట బ్యాటరీనుండి పోవు విద్యుత్తు సాధారణముగా 50 మిల్లీయాంపియరులను మించరాదు. మించినచో బ్యాటరీని మార్చుటకంటె ముందు ఆ చోరమార్గమును వెదకవలెను.

స్విచ్చుల పరీక్షలో ఓము కొలత ప్రధానము. తలుపు తెఱచినపుడును మూసినపుడును స్విచ్చి నిరోధము స్పష్టముగా రెండు స్థితులుగా మాఱవలెను: ఒకట శూన్యమునకు సమీపము, ఒకట అనంతము. ఏ స్థితి దేనికి చెందినదో కారును బట్టి మాఱును. కొన్నింట బానెట్టు స్విచ్చి మూసియున్నపుడే వలయము కలియును. నడుమ నెచ్చటనో కొన్ని వందల ఓములు చూపు స్విచ్చి దోషి. పొడిగా నున్నపుడు బాగుగా కొలత చూపిన స్విచ్చిపై కొంచెము నీరు చిలుకరించి మరల కొలుచుట, తీగను మెల్లగా ఊపుచు మీటరును గమనించుట, లోపమును బలవంతముగా బయటికి రప్పించు ఉపాయములు.

ఇంతటితోను తెలియనిచో వేఱుపఱచు పద్ధతి నవలంబింపవలెను. ఒక రాత్రి లోపలి సెన్సారును మాత్రము ఆపివేసి, ఇంకొక రాత్రి కుదుపు సెన్సారు కనెక్టరును మాత్రము ఊడదీసి, మఱియొక రాత్రి బానెట్టు స్విచ్చిని మాత్రము తప్పించి చూడవలెను. కొన్ని కార్లలో స్విచ్చి కనెక్టరును ఊడదీసిన చాలును. కొన్నింట రెండు తీగలను కలిపి ఉంచవలెను. వలయ చిత్రమును చూడక చేసినచో ఫలితము తారుమారగును. ఒకేసారి రెండింటిని మార్చరాదు. రెండింటిని మార్చి అలారము ఆగినచో, ఏది కారణమో తెలియక, రెండును క్రొత్తవి కొనవలసివచ్చును. ఆగిన పిమ్మట అనుమానించిన భాగమును తిరిగి కలిపి, హెచ్చరిక మరల కలుగుట చూచినగాని నిర్ణయము పూర్తి కాదు. యాదృచ్ఛికముగా నిశ్శబ్దముగా గడచిన రెండు రాత్రులు ఋజువు కావు.

పరిష్కారములు

స్విచ్చి పలకలను కాంటాక్టు క్లీనరుతో శుభ్రపఱచి, విద్యుద్బంధక గ్రీజు పూసినచో కొంతకాలము నిలుచును. స్ప్రింగు నీరసించినచో క్రొత్తది వేయుటయే గతి. అణగిన రబ్బరు దిమ్మలను మరలవలె త్రిప్పి ఎత్తు సరిచేయవచ్చును. మెలివేసిన అతుకులను టంకము పెట్టి గొట్టపు తొడుగుతో కప్పవలెను. కుదుపు సెన్సారు మరను ఒకమారు స్వల్పముగా మాత్రమే త్రిప్పి, పిడికిలితో అద్దపు చట్రముపై తట్టి చూచి, మరల సరిచేయవలెను. సెన్సారు ఊగకుండ గట్టిగా బిగించియున్నదో లేదో మర త్రిప్పుటకు ముందే చూడవలసినది.

సామాజికాంశములు, శాసనములు

అలారము మ్రోగినపుడు జనులు పరుగెత్తి వచ్చుటయే దానికి బలము. దొంగతనములు అరుదు, కుదుపులు నిత్యము. కావున సెన్సారు ఎంత సూక్ష్మమైన కొలది అసత్యముల పాలు అంతగా హెచ్చును. “నాన్నా పులి” కథలోని బాలునివలె పదిమారులు వ్యర్థముగా అరచిన కారు, పదునొకండవమారు నిజముగా అరచినను కిటికీ తెఱచి చూచువారు ఉండరు. నిద్రాభంగము పొందు వృద్ధులకును, రోగులకును, పసిపిల్లల తల్లులకును కలుగు బాధ చిన్నది కాదు.

ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘపు 97వ నిబంధన ఒక్కొక్క హెచ్చరిక ధ్వనికి 25 నుండి 30 సెకనుల పరిమితి విధించినది. న్యూయార్కు నగరపు శబ్దనియమావళి కారు అలారము మూడు నిమిషములలో తనంతట ఆగిపోవలెనని శాసించుచున్నది. భారతదేశమున శబ్దకాలుష్య నియంత్రణ నియమములు 2000 ననుసరించి, నివాస ప్రాంతములలో రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వఱకు పరిమితి 45 డెసిబెలులు. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టు నూఱు మీటరులలోపలి నిశ్శబ్ద మండలమున అది 40 డెసిబెలులు. వీధిలో నిలిపిన కారు సైరను ఈ పరిమితులను అనేక రెట్ల శక్తితో దాటును.

ఇటీవలి కార్లలో కొన్ని, వీధి కంతటికి వినబడునట్లు అరచుటకు మాఱుగా, లేదా అరచుటతోపాటు, యజమాని ఫోనునకు వార్త పంపుచున్నవి. ఈ వార్తను పుట్టించునవియు పై చెప్పిన స్విచ్చులు, సెన్సారులు, బ్యాటరీయే కావున, మంచు కురిసిన వేకువజామున తడిసిన బానెట్టు స్విచ్చి అచటను మేలుకొల్పును. వెదకు విధానమును అదియే. (చూడుడు: బ్యాటరీ, ఇమ్మొబిలైజరు, డాప్లర్ ప్రభావము, పీజో విద్యుత్తు, శబ్దకాలుష్యము.)